గోడ తవ్వకుండా ఔట్‌హౌస్‌కు ఇంటర్నెట్

జంషెడ్‌పూర్‌లో చాలా పాత క్వార్టర్ల వెనక, పెరడు దాటాక ఓ చిన్న ఔట్‌హౌస్ కనిపిస్తుంది. కొందరికి అది అన్నయ్య చదువుకునే గది. కొన్నిచోట్ల ఇంటిపనిలో సాయపడే కుటుంబం ఉండే ఇల్లు. వాళ్ల పిల్లలకూ ఆన్‌లైన్ పాఠాలుంటాయి. అయితే ముందుగదిలోని రౌటర్ నుంచి వైఫై అక్కడికి చేరేసరికి నీరసించిపోతుంది. మందపాటి ఇటుక గోడలు రేడియో తరంగాలను మింగేస్తాయి. వీడియోలో మాస్టారు నోరు తెరిచి అలాగే ఆగిపోతారు!

కొత్త కేబుల్ లాగవచ్చు. మామూలు నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా చక్కగా పనిచేస్తుంది. నమ్మకానికి దాన్ని మించింది లేదు. కానీ క్వార్టర్ మనది కాదు కదా! గోడకు కన్నం పెట్టాలన్నా, పెరడు తవ్వాలన్నా అనుమతి కావాలి. అంతా చేశాక బదిలీ ఉత్తర్వు వస్తే ఆ శ్రమంతా ఇక్కడే వదిలేసి వెళ్లాలి.

ఔట్‌హౌస్‌లో బల్బు వెలుగుతోందంటే అక్కడికి ఒక తీగ ముందే వెళ్లిందన్నమాట. ఆ కరెంటు తీగ మీదే ఇంటర్నెట్‌ను పంపే పరికరం పవర్‌లైన్ అడాప్టర్. ఇవి జతగా దొరుకుతాయి. ఒకదాన్ని రౌటర్ పక్కనున్న ప్లగ్ పాయింటులో పెట్టి, చిన్న కేబుల్‌తో రౌటర్‌కు కలపాలి. రెండోదాన్ని ఔట్‌హౌస్‌లో పెట్టాలి. రెండింటి మీదా ఉన్న పెయిర్ బటన్ నొక్కితే వాటి మధ్య రహస్య సంకేతం కుదురుతుంది.

ఒకే తీగలో కరెంటూ, పాఠమూ కలగాపులగం కావా? కావు. కచేరీలో మృదంగం, వయొలిన్ ఒకే గాలిలో వినిపించినా చెవి వేటికవి విడదీస్తుంది కదా. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు కంపిస్తుంది. అడాప్టర్ పంపే సంకేతం సెకనుకు దాదాపు 20 లక్షల నుంచి 3 కోట్ల సార్లు, కొత్త రకాల్లో ఇంకా ఎక్కువ సార్లు కంపిస్తుంది. అవతలి అడాప్టర్ ఆ వేగమైన కంపనాలనే ఏరుకుంటుంది.

కొనేముందు ఒక పరీక్ష చేయాలి. నాన్నగారినో అమ్మనో మెయిన్ స్విచ్ ఆపమనండి. ఔట్‌హౌస్ లైటు ఆరకపోతే దానికి వేరే మీటరు ఉన్నట్టే. అలాంటప్పుడు ఈ పద్ధతిని నమ్ముకోలేం. ఆరినా, ఇంటికి మూడు ఫేజులు ఉంటే రెండు పాయింట్లూ ఒకే ఫేజు మీద ఉండటం మంచిది. ఆ సంగతి ఎలక్ట్రీషియన్ చెప్పగలడు. బోర్డు మీరు విప్పకండి.

అడాప్టర్‌ను నేరుగా గోడ పాయింటులోనే పెట్టాలి. సర్జ్ రక్షణ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆ సంకేతాన్ని చెత్త అనుకుని వడగట్టేస్తుంది. కూలర్, మిక్సీ మోటార్లు తిరిగితే వేగం తగ్గుతుంది. పెట్టె మీద రాసిన పెద్ద అంకె ఎటూ రాదు. వీడియో పాఠానికి అందులో కొద్ది భాగం చాలు. వేసవి సాయంత్రాల్లో ఇక్కడ ఉరుములతో గాలివాన వస్తుంది చూడండి, అప్పుడు మాత్రం రెండింటినీ పీకేయించండి. బయట గాలిలో వేలాడే తీగ పిడుగుపాటు దెబ్బను ఇంట్లోకి తేగలదు.

బదిలీ అయితే జతను సామాన్లలో సర్దుకోవచ్చు. కొత్త క్వార్టర్‌లో దిగాక మీటరు ఎక్కడుందో ముందు చూడండి.