కోటాల చెర వీడిన జౌళి వాణిజ్యం

బలమైన దేశానికీ, బలహీన దేశానికీ ఒకే నియమం వర్తించాలన్నది బహుపాక్షిక వాణిజ్య విధానపు సారాంశం. ఈ ఆశయంతోనే 1947లో భారతదేశంతో సహా 23 దేశాలు జెనీవాలో సుంకాలు, వాణిజ్యాలపై సాధారణ ఒడంబడికను (గాట్) కుదుర్చుకొన్నాయి. ఒక దేశానికి ఇచ్చిన సుంకపు రాయితీని తక్కిన సభ్యదేశాలన్నింటికీ ఇవ్వాలన్నది దాని మూలసూత్రం.

అయితే వర్ధమాన దేశాలు పోటీకి నిలువగలిగిన జౌళి రంగానికే ఈ సమానత్వం దక్కలేదు. చవుక వస్త్రాల దిగుమతి వల్ల తమ కార్మికులు ఉపాధి కోల్పోతారని పారిశ్రామిక దేశాలు వాదించాయి. 1961లో తాత్కాలికమంటూ నూలు వస్త్రాలపై మొదలైన ఆంక్షలు, 1974 నాటి మల్టీ ఫైబర్ ఒప్పందంతో ఉన్ని, కృత్రిమ దారపు వస్త్రాలకు కూడా విస్తరించాయి. కోటా నిండిన పిమ్మట సరకు ఎంత నాణ్యమైనదైనా ఓడ ఎక్కే అవకాశం ఉండేది కాదు.

ఉరుగ్వే దఫా చర్చల ఫలితంగా 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. కోటాలను పదేళ్లలో దశలవారీగా తొలగించాలని నిర్ణయమైంది. 2005 జనవరి 1 నాటికి అవి అంతరించాయి. ఈలోగా మన ఉన్ని చొక్కాలు, బ్లౌజులపై అమెరికా విధించిన పరిమితిని భారత్ ఆ సంస్థలో సవాలు చేయగా, 1997లో అది నియమ విరుద్ధమని తీర్పు వెలువడింది.

ఆ వివాదంలో అప్పీలును విచారించిన వ్యవస్థ, కొత్త సభ్యుల నియామకానికి అమెరికా సమ్మతించనందున, 2019 డిసెంబరు నుంచి స్తంభించిపోయింది. నియమాలు కాగితంపై ఉన్నంతమాత్రాన చాలదు. వాటిని అమలుపరచే వ్యవస్థను పునరుద్ధరించుకోవడం వర్ధమాన దేశాలకే అత్యవసరం.