తూము బిరడా తెలివి

"చెరువు నిండితే తూము బిరడా పైకి తన్నుకు రాదా సార్?" అని తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు అడిగాడు. మంచి ప్రశ్న. ధర్మవరం చెరువు మరవ పారుతోందంటే జనం తండోపతండాలుగా వెళ్తారు గాని, కట్టకు లోపలివైపు నీళ్ళలో నిలబడ్డ రెండు రాతి స్తంభాల వంక ఎవరూ చూడరు. నాకైతే చెరువుకు అవే ప్రాణం.

స్తంభాల మధ్య అడ్డబండలు, వాటికి రంధ్రాలు. వాటిగుండా దిగిన కొయ్యకు చివర బిరడా. అడుగున రాతి తొట్టి, దాని పైబండకు బెజ్జం. తొట్టిలోంచి కట్ట కిందుగా పొలాలకు దారి. తెలివంతా బెజ్జం నిలువుగోడకు కాక పైబండకు పెట్టడంలోనే ఉంది. బిరడా పైన చెరువు, కింద ఉత్త గాలి. నీళ్ళు పెరిగేకొద్దీ బిరడా ఇంకా బిగుస్తుంది. బెజ్జం 20 సెంటీమీటర్ల వెడల్పు, పైన 4 మీటర్ల నీళ్ళు అనుకోండి: బిరడా మీద సుమారు 125 కిలోల బరువు! ఇక తన్నుకు రావడమెక్కడ? దాన్ని కదిలించాలంటే చెరువు నీళ్ళు వదిలే నీరుగంటికి మరో ఇద్దరు తోడు కావాలి.

బిరడా లేచాక ఇంకో విచిత్రం. 4 మీటర్ల లోతున నీళ్ళు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో దూకుతాయి. లోతు ఒక్క మీటరుకు పడిపోయినా వేగం పావువంతు కాదు, సగం ఉంటుంది. వేగం లోతుకు వర్గమూలాన్ని బట్టి నడుస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి ఈ సూత్రాన్ని అచ్చువేయించింది 1644లో.

మన లెక్కలు అంతకన్నా పాతవి. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెబుతుంది. వాటిలో కట్ట ఊట ఒకటి, చౌడు నేల ఇంకొకటి. చౌడులోని సోడియం బంకమట్టి రేణువులను విడగొడుతుంది, ఊటతో పాటే మట్టీ జారిపోయి కట్టకు లోపల బొరియ పడుతుంది. ఆ రెండు దోషాలనూ గుర్తించినవాడికి దండం పెట్టాలి.

1388లో పెనుకొండలో ఉన్న బుక్కరాయలు, అంటే విజయనగర రాజు రెండవ హరిహరుడి కొడుకు, పెన్న నీళ్ళు తెమ్మని జలసూత్రం తెలిసిన సింగయభట్టుకు ఆజ్ఞ ఇచ్చాడు. ఆయన కల్లూడి నుంచి సిరువర చెరువుకు కాలువ తవ్వించాడు. ఇప్పుడు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా మోటార్లు శ్రీశైలం నీళ్ళను ఎత్తిపోస్తున్నాయి. పాత తూములు చాలాచోట్ల ఇనుప తలుపులకు చోటిచ్చాయి.

హిందూపురం వైపైనా, మరెక్కడైనా, మీ ఊరి చెరువు ఎండినప్పుడు తూము దగ్గరికి దిగి బెజ్జం కొలిచి చూడండి. పూడిక తీసేటప్పుడు మాత్రం జేసీబీని ఆ స్తంభాల దగ్గరికి రానివ్వకండి.