బీకాం కంప్యూటర్స్... చిన్నచూపు వద్దు!

ఇంజినీరింగ్ కాలేజీల మధ్య ఉన్న హైదరాబాద్ ప్రగతి నగర్‌లో బీకాం కంప్యూటర్స్ అంటే చాలామందికి లోకువ. ఖాతా పుస్తకమూ కోడూ రెండూ తెలిసినవాళ్లతో ఐటీ కారిడార్‌కు ఉన్న పనేమిటో తెలిస్తే ఆ లోకువ పోతుంది.

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే ప్రగతి నగర్‌లో అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కినా అదే ప్రశ్న: "బీటెక్ ఎక్కడ?" అటు కూకట్‌పల్లి వైపు జేఎన్‌టీయూ, ఇటు బాచుపల్లి వైపు వీఎన్‌ఆర్ విజ్ఞానజ్యోతి. మధ్యలో ఉన్న కాలనీలో ఇంజినీరింగ్ గాలి వీయక ఏం చేస్తుంది? "బీకాం కంప్యూటర్స్‌లో చేరుతున్నానండీ" అని చెబితే మాత్రం "అయ్యో, ర్యాంకు రాలేదా అమ్మా?" అని ఓదార్పు మొదలవుతుంది.

ఈ ఆలోచన ఒక్కరోజులో వచ్చింది కాదు. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడింది. 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజినీరింగ్ మధ్యతరగతికే కాదు, పేదింటికీ అందింది. మంచిదే. కానీ దాంతోపాటే డిగ్రీ అంటే 'ఏదీ రానివాళ్ల చదువు' అన్న ముద్రా పడిపోయింది.

అయినా బీకాం కంప్యూటర్స్‌కు గిరాకీ తగ్గలేదు. 2016లో 'దోస్త్' ఆన్‌లైన్ ప్రవేశాలు వచ్చాక కూడా తెలంగాణ డిగ్రీ సీట్లలో పెద్ద వాటా కామర్స్‌దే.

అమెరికాలోనూ ఇలాంటి చదువే

వ్యాపార లెక్కలూ కంప్యూటరూ కలిపిన ఇలాంటి చదువుకు అక్కడ కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అని పేరు. కమ్యూనిటీ కాలేజీల్లోనూ దొరుకుతుంది. ఇంటి నుంచే వెళ్లొచ్చే ఊరి కాలేజీలవి. 1901లో ఇలినాయ్‌లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ వాటికి పెద్దన్న. రెండేళ్లు చదివి అసోసియేట్ డిగ్రీతో ఉద్యోగానికి పోవచ్చు, లేదా ఆ క్రెడిట్లతో యూనివర్సిటీలో చేరొచ్చు. మన యూజీసీ కూడా 2013లో కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది గానీ జనంలోకి పెద్దగా వెళ్లలేదు. మన దగ్గర ఆ పని చేస్తున్నవి డిగ్రీ కాలేజీలు, పాలిటెక్నిక్‌లే. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతున్నారు కదా!

ఒక్క నంబరులో రెండు చదువులు

లెక్కలు, కంప్యూటరు కలిస్తే ఒరిగేదేమిటి? జీఎస్టీ నంబరునే తీసుకోండి. అంకెలూ అక్షరాలూ కలిపి 15. మొదటి రెండూ రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పదీ వ్యాపారి పాన్. చిట్టచివరిది, ముందున్నవన్నీ సరిగా కొట్టారో లేదో పట్టిచ్చే తనిఖీ గుర్తు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయమంటే, కోడ్ మాత్రమే తెలిసిన కుర్రాడు 15 ఉన్నాయా లేవా చూసి ముందుకెళ్లిపోతాడు. కామర్స్ చదివిన అమ్మాయి మాత్రం "సరుకు ఎక్కడికి వెళ్తోంది?" అని అడుగుతుంది. కూకట్‌పల్లి నుంచి వరంగల్‌కు పంపితే పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని సగం సగం. విజయవాడకు పంపితే మొత్తం ఐజీఎస్టీ. కోడ్‌లో ఇది ఒక్క 'ఇఫ్... ఎల్స్'. అది తప్పితే పన్ను ఒక పద్దులో పడాల్సింది ఇంకో పద్దులో పడుతుంది. కొన్నవాడికి ఇన్‌పుట్ క్రెడిట్ దగ్గర తిప్పలు, అమ్మినవాడికి రిటర్నుల దగ్గర తలనొప్పి.

గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో పేరోల్, ఆడిట్, ఇన్వాయిస్‌ల పని చేసే టీములకు కావాల్సింది ఈ ప్రశ్న అడగగలిగినవాళ్లే. కంపెనీలు వాడే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో ఖాతాలు చూసే 'ఫైకో' మాడ్యూల్ నేర్చుకునేవారిలో కామర్స్ వాళ్లు ఎక్కువగా కనిపించేదీ అందుకే.

దారి అమీర్‌పేట మీదుగానే

మరి లోపం ఎక్కడ? కాలేజీలో ఈ రెండు చదువులూ ఎదురుబొదురు గదుల్లో ఉండి పలకరించుకోవు. అకౌంట్స్ సారు చిట్టాతో ఆగిపోతారు, కంప్యూటర్స్ మేడం 'స్టూడెంట్ టేబుల్'తో ఆగిపోతారు. అకౌంట్స్ క్లాసులో చెప్పిన బాకీదారుల పట్టికనే ల్యాబ్‌లో డేటాబేస్‌గా చేయించి, '30 రోజులు దాటినా ఎవరు కట్టలేదు?' అని క్వెరీ రాయించడం అరుదు. ల్యాబ్ రికార్డు మాత్రం అందంగా ఉంటుంది, సీనియర్ దగ్గర చూసి రాసింది కాబట్టి.

ఆ లోటు తీర్చేవి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు. మైత్రీవనం చుట్టూ జావా, పైథాన్, ఫుల్ స్టాక్ బోర్డులు, ఫ్రీ డెమో కరపత్రాలు. జేఎన్‌టీయూ కాలేజ్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట నేరుగా వస్తుంది. హైటెక్ సిటీ వెళ్లాలన్నా అక్కడే రైలు మారాలి. ఉద్యోగానికీ ఆ మలుపు తప్పడం లేదు. డిగ్రీకి కట్టిన ఫీజు చాలక, డిగ్రీలో రావాల్సిన పనికోసం మళ్లీ ఫీజు!

కంపెనీల గీత

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. పెద్ద కంపెనీలు కోడింగ్ ఉద్యోగాల దగ్గర గీత గీస్తాయి. విప్రో 'విల్ప్' కింద బీసీఏ, బీఎస్సీ వాళ్లను తీసుకుని ఉద్యోగం చేస్తుండగానే ఎంటెక్ చదివిస్తుంది. టీసీఎస్ 'స్మార్ట్ హైరింగ్' కూడా ప్రధానంగా వాళ్లకే. బీకాం వాళ్లకు ఎక్కువగా దొరికేవి బీపీఎస్, ఫైనాన్స్ విభాగాలు. కోడింగే ప్రాణం అనుకునేవాళ్లు బీసీఏ వైపు చూడటం మేలు. 2024-25 నుంచి అది ఏఐసీటీఈ పరిధిలోకీ వచ్చింది. బీకాం తర్వాత ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏలో చేరదలిస్తే గణితం నిబంధన ఏమిటో ముందే చూసుకోవాలి.

ఆప్షన్లు పెట్టేముందు...

దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి ఒకసారి వెళ్లిరండి. గేటు దగ్గర ఫ్లెక్సీలో ప్లేస్‌మెంట్ ఫొటోలు చూసి వచ్చేయకుండా మూడు సంగతులు అడగండి. ల్యాబ్‌లో ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి? డేటాబేస్ పాఠం అకౌంట్స్ లెక్కలతో చెబుతారా? ఆఖరి ఏడాది ప్రాజెక్టు పిల్లలే చేస్తారా, కొనుక్కొస్తారా?

చేరినవాళ్లకు ఒక్కటే సలహా. మీ వీధిలో కిరాణా కొట్టు ఉంటుంది, మందుల దుకాణం ఉంటుంది. యజమానిని అడిగి, ఒక నెల బిల్లులకు స్టాకు, బాకీలు, జీఎస్టీ లెక్క తేల్చే చిన్న సాఫ్ట్‌వేర్ మీ చేతులతో రాయండి. ఆయన వాడిచూసి ఎక్కడెక్కడ తప్పుందో చెబుతాడు, దిద్దండి. ఇంటర్వ్యూలో ల్యాప్‌టాప్ తెరిచి దాన్ని చూపించగలిగితే, "బీటెక్ ఎందుకు చేయలేదు?" అని అడిగేవాళ్లు తగ్గుతారు.