చేపు తెలిసిన యంత్రం

ప్రసూతి సెలవు అయిపోయిన సంగతి రొమ్ముకు తెలియదు. తొమ్మిదింటికి ఆఫీసులో అడుగుపెట్టిన తల్లికి పన్నెండయ్యేసరికి రొమ్ములు బరువెక్కుతాయి. ఇంకో గంట గడిస్తే సలుపు మొదలవుతుంది. పక్క సీటులో ఎవరి ఫోన్‌లోనో ఒక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే చాలు, కుర్తా తడిసిపోతుంది.

ఆ పాలు తీయకుండా వదిలేస్తే రెండు నష్టాలున్నాయి. మొదటిది వెంటనే తెలుస్తుంది: నొప్పి, పాలు గడ్డకట్టడం, ఒక్కోసారి చలిజ్వరం. రెండోది చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. నిండుగా ఉన్న రొమ్ము పాల తయారీని తగ్గించుకుంటుంది, ఖాళీ అయిన రొమ్ము త్వరగా తయారుచేస్తుంది. ఈ లెక్క ఏ రొమ్ముకు ఆ రొమ్ముదే. పగలంతా ఎవరూ తీయకపోతే, ఇక బిడ్డకు అక్కర్లేదని శరీరం అనుకుంటుంది. కొన్ని వారాల్లో పాలు తగ్గిపోతాయి. "ఉద్యోగంలో చేరగానే పాలు ఇంకిపోయాయి" అని తల్లులు చెప్పుకునే మాట వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. అందుకే ఆఫీసులో పంపుతో తీసే పాలు మర్నాటి సీసా కోసం మాత్రమే కాదు. బిడ్డ ఇంకా తాగుతున్నాడని శరీరానికి చెబుతూ ఉండటానికి కూడా.

ఈ పని చేసే యంత్రం పుట్టింది ఉద్యోగినుల కోసం కాదు. 18, 19 శతాబ్దాల్లో తల్లే ఒక చివర నోట పెట్టుకుని తన పాలు తానే పీల్చుకునే వంకర గాజుగొట్టాలు ఉండేవి. బిడ్డ పట్టలేని చనుమొనను బయటికి లాగడానికి, గడ్డకట్టిన పాలు తీసి నొప్పి తగ్గించడానికి వాటిని వాడేవారు. 1854లో న్యూయార్క్‌కు చెందిన ఓ.హెచ్. నీడమ్ ఒక పాల పంపుకు పేటెంట్ తీసుకున్నాడు. తరవాత గాజుగిన్నెకు రబ్బరు బుడ్డి తగిలించిన చేతి పంపులు వచ్చాయి. బుడ్డి నొక్కి వదిలితే లాగుతుంది, కానీ ఎంత బలంగా లాగుతుందో చేతికి తెలియదు. పాలు బుడ్డిలోకి చేరితే లోపల కడగడం కుదరదు. ఈ రకం ఇప్పటికీ మన మందుల షాపుల్లో చవగ్గా దొరుకుతుంది. కొనవద్దనే నేను చెబుతాను.

అసలైన మలుపు షికాగోలో వచ్చింది. ఐజక్ ఏబ్ట్ అక్కడ పేరున్న పిల్లల వైద్యుడు, తరవాత అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీకి మొదటి అధ్యక్షుడు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు ఆయన చేతుల్లోకి వచ్చేవారు. వాళ్లకు పాలు కావాలి, పీల్చే శక్తి లేదు. ఆస్పత్రిలో జీతానికి ఉండే పాలదాదుల నుంచి పాలు తీయాలి. 1917 నాటికే ఏబ్ట్ కరెంటుతో నడిచే ఒక పంపును వైద్యులకు వివరించాడు. అంతకన్నా మెరుగైనది తయారుచేసిన ఇంజినీరు పేరు వింటే చదరంగం తెలిసినవాళ్లు ఉలిక్కిపడతారు: ఎడ్వర్డ్ లాస్కర్. 1912లో లండన్‌లో జార్జ్ థామస్ మీద రాణిని బలి ఇచ్చి, ఎదుటి రాజును బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరికి తరిమి కట్టేసిన ఆట ఆయనదే. జర్మనీలో ఇంజినీరింగ్ చదివి 1914లో అమెరికా చేరాడు. ఆయన పాల పంపుకు 1927లో పేటెంట్ వచ్చింది. అంతకుముందు పంపుల్లో చాలా వాటికి లాగిపట్టడమే తెలుసు, దానితో చనుమొన కమిలిపోయేది. లాస్కర్ యంత్రం బిడ్డ పీల్చినట్టు లాగి, వదిలి, మళ్లీ లాగేది.

ఆనాటి ఆ అవసరం ఈనాటికీ అలాగే ఉంది. ముంబయిలోని సయన్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లో ఆసియాలోనే మొదటి తల్లిపాల బ్యాంకు తెరిచింది నెలతక్కువ పిల్లల కోసమే. హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో ఉన్న 'ధాత్రి' పాల బ్యాంకులో తల్లుల పాలు సేకరించి, శుద్ధిచేసి, ఐసీయూలో ఉన్న పసివాళ్లకు పడుతున్నారు.

లాగి వదలాలని తేలింది. మరి ఎంత బలంగా లాగాలి? స్వీడన్‌లో ఐనార్ ఎగ్నెల్ అనే సివిల్ ఇంజినీరు ఈ ప్రశ్న పట్టుకుని చాలా ఏళ్లు కూర్చున్నాడు. పాడి పశువుల పాలు పితికే యంత్రాల మీద అప్పటికే బోలెడు పరిశోధన ఉంది, ఆడవాళ్ల రొమ్ము మీద ఏమీ లేదు. ఆయన పశువుల లెక్కలతో మొదలుపెట్టి మనుషుల దగ్గరికి వచ్చాడు. మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు 760 మిల్లీమీటర్ల పాదరసం. అంతకు 200 మిల్లీమీటర్లు తగ్గించి, ఆ లాగుడును ఎప్పటికప్పుడు వదిలేస్తూ పోతే చర్మం చిట్లకుండా పాలు వస్తాయని ఆయన తేల్చాడు. ఆ లెక్కలను 1956లో ప్రచురించాడు. ఆ లెక్కల వెనక ఒక నర్సు ఉంది. స్టాక్‌హోమ్‌లోని సోడర్ ఆస్పత్రిలో పనిచేసే సిస్టర్ మాయా కిండ్‌బెర్గ్ తల్లుల దగ్గర యంత్రాన్ని పెట్టి చూసి, ఎక్కడ నొప్పి పుడుతోందో, ఎక్కడ హాయిగా ఉందో ఇంజినీరుకు చెప్పేది. యంత్రానికి ఎగ్నెల్ ఆమె పేరే పెట్టాడు: సిస్టర్ మాయా పంపు. ఈ యంత్రం చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇది. రొమ్ము ఉన్న మనిషి మాట విన్న ప్రతిసారీ పంపు బాగుపడింది.

కానీ బలం ఒక్కటే సరిపోదు. ఈ సంగతి పాడి చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. దూడను వదిలితే గాని ఆవు చేపదు, కొత్త మనిషి చెంబు పట్టుకొస్తే గేదె పాలు ఎగచేపుతుంది, ఎంత పిండినా లాభం ఉండదు. మనిషిలోనూ అంతేనని నిరూపించినవాళ్లు నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ అనే అమెరికన్ దంపతులు. 1948లో అచ్చయిన ఆ ప్రయోగంలో తల్లి నైల్స్ న్యూటనే, తాగింది ఆమె సొంత బిడ్డే. కొన్ని రోజులు మామూలుగా పాలిచ్చి, బిడ్డ ఎంత తాగిందో తూకం వేశారు. కొన్ని రోజులు పాలిచ్చేటప్పుడు ఆమె కాళ్లు ఐసు నీళ్లలో పెట్టించారు, కాలి బొటనవేళ్లు లాగారు, గబగబా లెక్కల ప్రశ్నలు అడిగి తప్పు చెబితే కరెంటు షాక్ ఇచ్చారు. ప్రశాంతంగా ఉన్నప్పుడు సగటున 168 గ్రాములు తాగిన బిడ్డకు ఆ గొడవలో 99 గ్రాములే దొరికాయి. అదే గొడవలో ఆమెకు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ 153 గ్రాములకు చేరింది.

అంటే రొమ్ములో పాలు లేకపోవడం కాదు, పాలు కదలకపోవడం. పాలు తయారయ్యే చిన్నచిన్న సంచుల చుట్టూ సన్నటి కండర కణాలు అల్లుకుని ఉంటాయి. బిడ్డ నోరు తగలగానే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్ వదులుతుంది. అది రక్తంలో కలిసి రొమ్ము చేరి ఆ కండరాలను బిగిస్తే పాలు నాళాల్లోకి తోసుకొస్తాయి. దీనికి ఒక నిమిషం అటూ ఇటూ పడుతుంది. ఆ పొంగు రెండు నిమిషాల్లో తగ్గి, కాసేపటికి మళ్లీ వస్తుంది. ఇదే చేపు. నొప్పి, కంగారు, అవమానం దాన్ని ఆపేస్తాయి. ఎవరో తలుపు తడుతుంటే, ఫోన్ మోగుతుంటే, మీటింగుకు పది నిమిషాలే ఉంటే పంపు ఉత్తగాలి లాగుతుంది. మేనేజర్లు ఐసు నీళ్లు తేరు, షాకులివ్వరు, గాబరా పెట్టడం మాత్రం మామూలుగానే జరుగుతుంటుంది.

పంపు ఆస్పత్రి వదిలి ఇంటికి, ఆఫీసుకు వచ్చింది ప్రధానంగా అమెరికాలో. కారణం ఆ దేశంలో సెలవుల కొరత. 1993లో వచ్చిన కేంద్ర చట్టం కూడా 12 వారాల సెలవే ఇచ్చింది, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. నెలల పిల్లను వదిలి పనికి పోయే తల్లికి పంపు తప్పనిసరి అయింది. స్వీడన్ నుంచి వచ్చిన ఓలె లార్సన్ 1961లో స్విట్జర్లాండ్‌లో స్థాపించిన మెడెలా కంపెనీ అప్పటిదాకా ఆస్పత్రులకు పంపులు తయారుచేసేది. కరెంటు పంపు కావాలంటే అద్దెకు తెచ్చుకోవాలి, మోయలేనంత బరువు. 1991లో ఆ కంపెనీ అమెరికాలో ఇంట్లో వాడుకునే కరెంటు పంపును అమ్మకానికి పెట్టింది. 1996లో భుజాన వేసుకునే నల్లటి ఆఫీసు బ్యాగులోనే మోటారు అమర్చిన పంపు తెచ్చింది. రెండు రొమ్ములకూ ఒకేసారి పెట్టుకోవచ్చు, సమయం సగం మిగులుతుంది. ఆ బ్యాగు లక్షల మంది ఉద్యోగాలను నిలబెట్టింది. బిడ్డకు పాలు తీసే సామాను ఇంకేదో అన్నట్టు దాచుకోవాల్సి రావడం మాత్రం నాకు మింగుడుపడదు.

చేపును యంత్రం నేర్చుకున్నది ఆస్ట్రేలియాలో. పెర్త్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో పీటర్ హార్ట్‌మన్ బృందం బిడ్డలు ఎలా తాగుతారో దశాబ్దాల పాటు గమనించింది. బిడ్డ మొదట పాలు రాకముందు గబగబా, పైపైన చప్పరిస్తుంది. చేపు వచ్చి నోట్లో పాలు పడగానే వేగం తగ్గించి, లోతుగా పీలుస్తూ మింగుతుంది. ఈ రెండు నడకలనూ మోటారుకు నేర్పి 2001లో మెడెలా కొత్త ఆస్పత్రి పంపు తెచ్చింది. మొదట నిమిషానికి సుమారు 120 సార్లు తేలిగ్గా లాగుతుంది. చేపు రాగానే ఒక మీట నొక్కితే దాదాపు సగం వేగంతో గట్టిగా లాగుతుంది. ఇవాళ నాలుగైదు వేల రూపాయల పంపులో కూడా ఈ రెండు దశలు ఉంటాయి.

అదే బృందం 2005లో అల్ట్రాసౌండుతో పాలిచ్చే రొమ్ము లోపల చూసింది. 1840లో ఆస్ట్లీ కూపర్ గీసిన బొమ్మల నుంచి పుస్తకాలు చెబుతూ వచ్చింది ఒకటి, తెర మీద కనిపించింది ఇంకొకటి. చనుమొనకు వచ్చే నాళాలు 15 నుంచి 20 అని చదువుకున్నాం, సగటున తొమ్మిదే కనిపించాయి. చనుమొన వెనక పాలు నిలవ ఉండే తిత్తులు ఉంటాయని చదువుకున్నాం, అవి లేనేలేవు. పాల గ్రంథిలో మూడింట రెండు వంతులు చనుమొన మొదలు నుంచి 3 సెంటీమీటర్లలోనే ఉంది. దీని ఫలితం నేరుగా తల్లికి పనికొస్తుంది. రొమ్ముకు ఆనించే గరాటును గట్టిగా అదిమిపడితే చర్మం కిందనే ఉన్న నాళాలు నొక్కుకుపోయి పాలు తగ్గుతాయి. గరాటు మెడ చనుమొనకు సరిపడా ఉండాలి. ఇరుకైతే రాసుకుని పుండు పడుతుంది, వదులైతే చుట్టూ ఉన్న నల్లటి చర్మం కూడా లోపలికి పోయి వాస్తుంది. పంపుతో వచ్చిన సైజు అందరికీ సరిపోదు. పాలు రావడం లేదని పంపు మార్చేముందు గరాటు సైజు మార్చి చూడాలి.

యంత్రం నేర్చుకోవాల్సింది చాలావరకు నేర్చుకుంది. మిగిలింది గది. అమెరికాలో 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం బిడ్డకు ఏడాది నిండేదాకా పాలు తీసుకోవడానికి విరామం ఇవ్వాలని, ఇతరుల కంట పడని చోటు చూపాలని, అది బాత్రూమ్ కాకూడదని రాసింది. అంతకుముందు ఎక్కడ తీసేవారో చివరి మాటను బట్టే అర్థమవుతుంది. టీచర్లు, నర్సులు సహా చాలామంది ఆ చట్టం పరిధిలోకి రాలేదు. 2022 డిసెంబరులో ఇంకో చట్టం చేసి దాదాపు 90 లక్షల మంది మహిళలను చేర్చారు.

మన దగ్గర దారి వేరు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది, అది గొప్ప విషయమే. 50 మంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూడవచ్చు. 1961 నాటి ఆ చట్టం నుంచి 2020 సామాజిక భద్రతా స్మృతి దాకా, బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండు విరామాలు పాలివ్వడానికని ఉన్నాయి. ఇవన్నీ బిడ్డ తల్లి పని దగ్గరే ఉంటుందన్న ఊహ మీద నిలబడ్డాయి. బిడ్డ కూకట్‌పల్లిలో అమ్మమ్మ దగ్గర, తల్లి గచ్చిబౌలిలో ఉంటే ఆ విరామాలు పాలు తీసుకోవడానికి కూడా చెల్లాలి. పెద్ద ఐటీ క్యాంపస్‌లలో మదర్స్ రూమ్ బోర్డులు కనిపిస్తున్నాయి. చీరల షోరూములో రోజంతా నిలబడే అమ్మాయికి, బస్సులో టికెట్లు కొట్టే కండక్టరుకు, ఊరి బడి టీచరుకు గడియ ఉన్న తలుపు కూడా దొరకదు.

2018 నాటికి బట్టల లోపలే ఇమిడిపోయే, తీగలు లేని పంపులు వచ్చాయి. పేరు తెచ్చుకున్న వాటిలో టానియా బోలర్ నడిపిన ఎల్వీ ఒకటి. చేతులు ఖాళీగా ఉంటాయి, చప్పుడు తక్కువ. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. నా భయం ఖరీదు గురించి కాదు. పంపు కనిపించకపోతే విరామం ఎందుకని అడిగేవాళ్లు తయారవుతారు. ప్రజెంటేషన్ ఇస్తూ పాలు తీయడం మోటారుకు చేతనవుతుంది, చేపుకు కాదు. డబ్బు లేనివాళ్లకు, ఉన్నవాళ్లకు కూడా అక్కరకొచ్చేది చెయ్యి. శుభ్రంగా కడుక్కున్న చేత్తో పాలు పిండటం ప్రసవమైన ఆస్పత్రిలోనే నర్సు చేత నేర్చుకోవాలి. పంపు నడుస్తుండగా రొమ్మును చేత్తో నిమిరి నొక్కితే ఎక్కువ పాలు వస్తాయని స్టాన్‌ఫర్డ్‌లో జేన్ మార్టన్ బృందం 2009లో చూపింది.

ఇక పాలు ఇల్లు చేరాలి. తీసిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు ఉంటాయి, మన మే నెలలో అంత సేపూ నమ్మకూడదు. వెంటనే ఆఫీసు ఫ్రిజ్‌లోనో, ఐస్ ప్యాకులు పెట్టిన బ్యాగులోనో పెట్టాలి. ఇంటి ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజరులో ఆరు నెలలు ఉంటాయి. సీసా మీద తేదీ రాసి పాతవి ముందు వాడాలి. గడ్డకట్టినవి కరిగాక 24 గంటల్లో పట్టాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా నిలబెడితే చాలు. ఇంట్లో బిడ్డను చూసుకునే పెద్దవాళ్లకు ముందే చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఫ్రిజ్‌లో ఉన్న తల్లిపాలు పైన మీగడ, కింద పల్చటి నీలపు నీళ్లుగా విడిపోతాయి. విరిగిపోయాయనుకుని కష్టపడి తీసిన పాలను సింకులో పారబోసే ఇళ్లు ఉన్నాయి. అవి విరగలేదు, కొవ్వు పైకి తేలిందంతే. సీసాను మెల్లగా తిప్పితే కలిసిపోతాయి.