ఫేస్‌లిఫ్ట్, హస్తవాసి

"ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్ ఫేస్‌లిఫ్ట్ చేస్తాడట, ఫీజు తక్కువట. ముఖాన్ని వాళ్ల చేతుల్లో పెట్టొచ్చా?" అమెరికాలో ఉన్న మనవాళ్లు తరచూ అడుగుతున్నారు. జవాబు వినకముందే "ఎంతైనా హస్తవాసి ఉండాలి కదండీ" అనేస్తారు. నన్ను బాధపెట్టేది ఆ మాటే.

అక్కడి బోధనాసుపత్రుల్లో రెసిడెంట్ల, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్ల, క్లినిక్‌లుంటాయి. కత్తి పట్టేది సాధారణంగా శిక్షణ చివరికొచ్చిన రెసిడెంటు. డాక్టర్ పట్టా వచ్చాక ఏళ్ల తరబడి సర్జరీలోనే ఉన్న మనిషి.

ఇక ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. అమ్మమ్మలు పాతచీరలతో కుట్టే బొంత గుర్తుందా? ముఖమూ అలాంటిదే. పైగుడ్డ చర్మం. కింద కొవ్వు. ఆ కింద పల్చని గట్టి పొర ఒకటుంది, దాని పేరు స్మాస్. 1976లో మిట్జ్, పెరోనీ అనే ఫ్రాన్స్ సర్జన్లు దాన్ని వర్ణించారు. పైగుడ్డ ఒక్కటే లాగి కుడితే కొన్నాళ్లకు జారిపోతుంది, మచ్చ వెడల్పవుతుంది. అందుకే లోపొరను పైకి లాగి బిగించి, పైగుడ్డను వదులుగా పరిచి, మిగిలింది కత్తిరిస్తారు. చిక్కేమిటంటే, ముఖాన్ని కదిలించే నరం కొమ్మలు ఆ లోపొర అడుగునే ఉంటాయి. ఆ నరం చెవి కింద బయల్దేరి లాలాజల గ్రంథిలో ఐదు కొమ్మలుగా చీలుతుంది. కనుబొమ్మ ఎత్తించే కొమ్మ చెంప ఎముకను దాటే చోట బొంత మరీ పల్చన. సూది ఎంత లోతు దించాలో మనవరాలి పక్కన కూర్చుని అమ్మమ్మ చెప్పినట్టు, అక్కడ ఎక్కడ ఆగాలో రెసిడెంటుకు గురువు, అంటే పర్యవేక్షించే సీనియర్ సర్జన్, చెబుతాడు. అవసరమైతే పరికరం తానే అందుకుంటాడు. పర్యవేక్షణలో రెసిడెంట్లు చేసిన ఫేస్‌లిఫ్టుల్లో చిక్కులు అనుభవజ్ఞులు చేసినవాటితో పోల్చదగ్గ స్థాయిలోనే ఉన్నాయని అక్కడి పరిశీలనలు చూపుతున్నాయి.

అందరూ భయపడేది నరం గురించే. తరచుగా వచ్చే చిక్కు మాత్రం చర్మం కింద రక్తం చేరడం, అదీ ఎక్కువగా మొదటి 24 గంటల్లో. మగవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్లకు చెవి వెనక చర్మం చచ్చిపోవచ్చు. వీటికీ హస్తవాసికీ సంబంధం లేదు, ముహూర్తానికీ లేదు. ఆపరేషన్ రోజు మంచిదా కాదా అని పంచాంగం చూసేవాళ్లు బీపీ మాత్ర వేసుకున్నారో లేదో చూసుకోవాలి, ఆస్పిరిన్ వాడుతుంటే ముందే డాక్టర్‌కి చెప్పాలి.

క్లినిక్‌లో అడగాల్సినవి రెండు. గురువు మొదటి కోత నుంచి చివరి కుట్టు దాకా థియేటర్‌లోనే ఉంటారా? ఆ రాత్రి ఒకవైపు చెంప ఉబ్బి నొప్పెడితే, ఫోన్ ఎత్తేదెవరు, ఎంతసేపట్లో మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్తారు?