నాట్యమాడు బాలికల మడమనొప్పి

గత శ్రావణమాసమున మా చిన్నమ్మాయి నాట్యపాఠమునుండి వచ్చి, మునివ్రేళ్లమీద నడచుచు లోనికి పోయెను. పదేండ్ల పిల్ల. ఏమే యని యడుగగా "ఏమీ లేదమ్మా" యనెను. సోమరితనమని గురువుగారు కోపించిరట. మేమును, ప్రదర్శనము దగ్గఱపడినది గదా యని, మరునాడు మందలించి గజ్జెలు కట్టించి పంపితిమి. ఆ తప్పు ఒప్పుకొనుటకే యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

మావారు బడిపంతులు, కుంటిసాకులు చెప్పు పిల్లలను పెక్కుమందిని చూచినవారు. "సోమరిపిల్ల పాఠమునకు ముందు కుంటును, ఇది పాఠమైన పిదప కుంటుచున్నది" అని ఆయనయే వైద్యునియొద్దకు తీసికొనిపోయిరి. వైద్యుడు మడమను ఇరుప్రక్కల వ్రేళ్లతో నొక్కగానే పిల్ల కెవ్వుమనెను.

పిల్లల మడమయెముక ఒక్క ముక్క కాదు. దాని వెనుకభాగమున చిన్నముక్క యొకటి వేఱుగా పెరుగుచు, నడుమ మృదులాస్థితో అంటియుండి, సుమారు 14, 15 ఏండ్లకు అసలు యెముకతో నేకమగును. పిక్కనుండి దిగు బలమైన స్నాయువు ఆ ముక్కనే పట్టి లాగుచుండును. ఎదుగు వయస్సున ఎముకలు త్వరగా పొడుగగును. పిక్క యంతవేగముగా సాగక బిగిసికొనును. ఆ లాగుడునకు నేలదెబ్బయు తోడైనచో నొప్పి పుట్టును. 1912లో సీవరను అమెరికా వైద్యుడు దీనిని వర్ణించుటచే ఆయన పేరిట వ్యవహరింతురు. వ్యాధియని పేరేగాని, పెరుగుదల పూర్తియైనంతట తానే పోవును.

నాట్యశాస్త్రము చెప్పిన పాదభేదములలో ఉద్ఘట్టిత మనగా మునిపాదముపై నిలిచి మడమను నేలకు తాటించుట. కూచిపూడి మొదలగు మన నాట్యములందు పాదరక్షలు లేవు. అందునను ఇప్పటి పాఠములు పెక్కుచోట్ల సిమెంటు నేలలమీదనే! జిమ్నాస్టిక్సు నేర్చు పిల్లలకు గెంతి దిగునప్పుడు ఇదే బాధ.

పిల్లను మంచమెక్కింప నక్కఱలేదు. గెంతులు, తాటింపులు కొన్నివారములు మానిపించి, హస్తములు, అభినయము, తాళము సాధన చేయింపవచ్చును. మంచుముక్కలు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషములు మడమపై నుంచవలెను. చర్మమునకు నేరుగా తగులరాదు. చెప్పులలో మడమక్రింద మెత్త యుండవలెను. పిక్క సాగుటకు, గోడకు అరచేతులాన్చి, ఒక కాలు వెనుకకుంచి, మోకాలు వంచక, మడమ నేల విడువక, ముప్పది లెక్కించువఱకు ముందుకు వాలవలెను. నొప్పి పుట్టునంతగా కూడదు. మా అత్తగారు వేడియిటుకపై జిల్లేడాకు వేసి త్రొక్కింతమనిరి. లేతచర్మము కాలునని వైద్యుడు వలదనెను. అత్తగారికి ఆయనపై నేటికిని గురి కుదరలేదు.

రాత్రి నిద్రలేపు నొప్పి, జ్వరము, మడమ యెఱ్ఱబడి వాచుట, పడిన పిదప కాలు మోపలేకుండుట కలిగినచో మాత్రము ఇంటిలో కాలయాపన చేయక వైద్యునికి చూపుడు. నొప్పిమాత్ర మ్రింగించి వేదిక నెక్కించుట ఎన్నడును తగదు.

ప్రదర్శనము తప్పిపోయినది. ఆ రాత్రి పిల్ల గజ్జెలను ఒడిలో పెట్టుకొని యేడ్చెను. రెండుమాసములకు మరల పాఠమునకు పోయెను. ఇప్పుడు మడమ సలిపిననాడు, మేమడుగకమునుపే వచ్చి చెప్పుచున్నది.