అవ్వ కుట్టిన ఏడు బొంతలు

ఈ ఎపిసోడ్ మా రుద్రవరం నుంచే.

మా అవ్వ పోయాక ఆమె కుట్టిన బొంతలు ఏడు మిగిలినాయి. పాత బట్టలే కదా, పారేద్దాం అనుకున్నాం. ఆమెతో కలిసి అరుగు మీద కుట్టిన వీధి ఆడోళ్లు ఒప్పుకోలేదు. "వద్దు నాయనా" అన్నారు. ఒక ఆదివారం అన్నీ దండేల మీద ఆరేసి, ఏ ముక్క ఎవరి చీరదో చెప్పుకుంటూ కూర్చున్నారు. అందులో మా అమ్మ పెళ్లినాటి చీర ఉందని నాకప్పుడే తెలిసింది!

బొంత ఎలా కుడతారంటే, నాలుగైదు పాత నూలు చీరలు, పంచెలు నేల మీద పొరలుగా పరిచి, ముడతలు తీసి, మూలల్లో రాళ్లు పెడతారు. ముందు దూరం దూరంగా పెద్ద కుట్లు వేస్తే పొరలు కదలవు. తర్వాత వరసలుగా చిన్న కుట్లు. పొరల మధ్య గాలి నిలుస్తుంది కాబట్టి చలికి వెచ్చగా ఉంటుంది. పాలిస్టర్ చీరయితే సూది కింద జారిపోతుంది, చెమటా పీల్చదు. ఇళ్లల్లో నూలు చీరలు తగ్గాకే బొంతలూ తగ్గాయని నా లెక్క.

పక్క రాష్ట్రంలో, ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ ఆడవాళ్లు కుట్టే బొంతను కవంది అంటారు. అంచుల నుంచి మధ్యకు కుట్టుకుంటూ పోతారు. అమెరికాలో, అలబామా రాష్ట్రం గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడవాళ్లు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలైతే 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలూ వచ్చాయి. మ్యూజియంలో ఆ బొంతల పక్కన కుట్టినావిడ పేరుంటుంది.

మా బొంతలకు పేర్లు లేవు. అందుకే ఆ ఆదివారమే ఒక్కోదాన్నీ ఫోటో తీసి, ఎవరి చీరో, ఎవరెవరు కుట్టారో ఫోన్‌లో రికార్డ్ చేశాను. అయిదింటికి వివరాలు దొరికాయి. మిగతా రెండూ అవ్వ ఒక్కతే కుట్టిందంట. అందులో చీరలు ఎవరివో అక్కడున్న ఎవరికీ తెలియలేదు.